సౌండ్ ఆపేసి చూడు

స్టూడియో, కిటికీ పక్క బల్ల
వానలు మొదలైన వారం

అక్కా,

నీమీద నాకు కుళ్ళట. అమ్మ కనిపెట్టింది. నా మొహాన అనలేదులే. పిన్నితో అంది, పిన్ని బాబాయి చెవిన వేసింది, బాబాయి నాకు ఫోన్ చేసి, ఇంట్లో గ్యాస్ వాసన వస్తోందని చెప్పేవాడిలా గొంతు తగ్గించి, "ఏమ్మా, అక్కాచెల్లెళ్ళ మధ్య ఏమైనా నడుస్తోందా?" అన్నాడు. మన మధ్య నడిచేవి ఉత్తరాలు తప్ప ఇంకేమున్నాయని చెప్పను?

నేను చేసిన నేరం బాబాయి రిటైర్మెంట్ సభ వీడియో. "ఇంట్లో ఆ పని చేసే పిల్లని పెట్టుకుని బయటివాళ్ళకెందుకు ఇవ్వడం" అని నా నెత్తిన పెట్టారు. సెలవులు పోగొట్టుకుని కూర్చున్నాను. బాబాయి గడ్డం కింద ఉన్న రెండో గడ్డం తీసేశాను. పిన్ని కళ్ళ కింద నలుపు తీశాను. అమ్మ మెడ మీద ముడతలు అమ్మ అడక్కముందే తీశాను. వాళ్ళ మేనేజరు గారి చొక్కా గుండీల మధ్యలోంచి తొంగిచూస్తున్న బనియన్ని కూడా మూసిపెట్టాను. ఆయన ఎవరో నాకు తెలియను కూడా తెలియదు.

నిన్ను మాత్రం ముట్టుకోలేదు. మైకు దగ్గర నువ్వు మాట్లాడినంతసేపూ నీ మూతి ఎడంవైపు ఎలా జారి ఉందో అలాగే ఉంది. "ఊళ్ళోవాళ్ళనందరినీ బాగుచేసింది, సొంత అక్కని వదిలేసింది" అని అమ్మ తీర్పు. ఎందుకు వదిలేశావని మాత్రం ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో నా గురించి తీర్పులు ముందు వస్తాయి, ప్రశ్నలు తర్వాత కూడా రావు.

నువ్వూ అడగలేదు గానీ చెప్తాను. "బాబాయిని చూస్తే ఆఫీసంతా వణికేదట. ఒకసారి మా ఇంటికి రండి, పిన్ని కేకేస్తే ఆయన ఎలా లేస్తాడో చూద్దురు గాని" అన్నావు చూడు, హాలంతా నవ్వింది. ఆ మాటకి ఒక్క క్షణం ముందు నీ ఎడం మూతి ఇంకొంచెం కిందికి దిగుతుంది. అది చూడగానే ఏదో కొంటె మాట రాబోతోందని నాకు తెలిసిపోతుంది. దాన్ని పైకి లాగేస్తే నువ్వు పోయి నీలాంటిదెవరో మైకు ముందు నిలబడుతుంది. ఉన్న కారణం ఇదొక్కటే. కుళ్ళు కాదు.

మూడేళ్ళ కిందట నరం దెబ్బతిని నీ మొహం జారినప్పుడు, 'ప' 'మ' పలకడం రావట్లేదని నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు. అప్పుడు కదా మనం రాసుకోవడం మొదలుపెట్టింది. మాట తిరిగొచ్చింది, మూతి రాలేదు, ఉత్తరాలు అలవాటైపోయాయి. అందుకని ఇది కూడా రాసే చెప్తున్నాను. అమ్మకి నువ్వే ఒక మాట చెప్పు. నేను చెప్తే మళ్ళీ దానికో అర్థం తీస్తుంది.

నీ
తూనీగ

*

కేంద్రం, స్టాఫ్ రూము
ఆదివారం

ఒసే తూనీగా,

అమ్మకి చెప్పాను. "నువ్వు దాన్ని ఎప్పుడూ వెనకేసుకొస్తావు" అంది. కాబట్టి ఇప్పుడు ఇద్దరం ముద్దాయిలమే.

కానీ నీ దగ్గర దాచి లాభం లేదు. ఆ వీడియో అమ్మ హాల్లో పెద్ద టీవీలో వేసింది. నా వంతు వచ్చేసరికి అందరికీ చేతిలో టీ కప్పులు గుర్తొచ్చాయి. మీ బావ రిమోట్ ఏదీ, రిమోట్ ఏదీ అని సోఫా కింద వెతికాడు. రిమోట్ ఆయన చేతిలోనే ఉంది. మెరిసిపోతున్న మొహాల మధ్య నేనొక్కదాన్నే, ఇస్త్రీ బట్టల మధ్య ఉండచుట్టి పడేసిన చీరలా ఉన్నాను. నీ ఉద్దేశం మంచిదే. నీకు నా మూతి చూస్తే రాబోయే మాట కనిపిస్తుంది. నాకు మూతే కనిపిస్తుంది.

అమ్మ మాట నమ్మను. కానీ ఆ పూట నాకూ నీమీద మండింది. చెప్పేశాను, ఇక లోపల ఉండదు.

ఇప్పుడు నా అవసరం చెప్తాను. నా తరగతి సంగతి నీకు తెలుసు కదా, పెద్ద వయసులో చెవులు పోయినవాళ్ళకి ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పడం. ఇక్కడిదాకా రాలేనివాళ్ళ కోసం ఆ పాఠాలని వీడియో తీస్తున్నారు. అన్ని కేంద్రాలకీ పంపుతారు. కొండల అవతల ఉన్నవాళ్ళకి కూడా, మాస్టారు అంటూ ఎవరూ లేని చోట్లకి కూడా. డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "మేడం, మీరే చెప్పాలి, ఇంకెవరు చెప్తారు? కాకపోతే చూడ్డానికి కాస్త... లైటింగ్ అదీ..." అని నసిగారు. లైటింగ్ అంటే ఏమిటో నాకు తెలియదనుకున్నారు పాపం. కుదరకపోతే నేను పాఠం రాసిస్తే చాలట, చదవడానికి ఒక యాంకర్ పిల్లని చూస్తారట.

మీ స్టూడియో పేరు నేనే ఇచ్చాను. నా మూతి సరిచెయ్యి తూనీగా. అమ్మ కోసం కాదు, డైరెక్టర్ గారి కోసం కూడా కాదు. నేను అడుగుతున్నాను.

తరగతి బాగా నడుస్తోంది. కండక్టర్ గారు, అదే, బస్సు ఇంజను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్న పెద్దాయన, మొన్న ఒక గొప్ప మాట అన్నారు. "అమ్మా, మా ఆవిడ నలభై ఏళ్ళు నన్ను తిట్టింది, ఏనాడూ వినలేదు. మీరొచ్చి పెదాలు చదవడం నేర్పాక మొత్తం తెలుస్తోంది. ఇదేం ఉపకారమమ్మా?" తరగతిలో ఎవరికీ వినపడకపోయినా అందరూ ఒకేసారి నవ్వారు. అదీ నా తరగతి.

అక్క

*

స్టూడియో
వాన ఆగని రోజు

అక్కా,

అడిగావు, చేస్తాను. నీ మొహం మీద నా అభిప్రాయాలు ఎక్కించడం నా పని కాదని నీ ఉత్తరం చదివాక తెలిసింది.

మొదటి పాఠం మొదలుపెట్టాను. ఎలా చేస్తామో చెప్పమని ఎప్పుడూ అడుగుతావు కదా. నీ కుడివైపు మూతిని తీసి అద్దంలోలా తిప్పి ఎడంవైపు అతికిస్తాను. మూతి కొసల్లో చుక్కలు పెడతాను. నువ్వు తల తిప్పితే చుక్కలు తిరుగుతాయి, వాటి వెంట అతుకూ వస్తుంది. నువ్వు గబగబా మాట్లాడినప్పుడు అతుకు వణుకుతుంది. ఆ వణుకు కనపడకుండా ముందు ఫ్రేములోని బొమ్మనీ వెనక ఫ్రేములోని బొమ్మనీ కలిపి మెత్తబరుస్తాను. చెంప మీద గీతలు, గడ్డం దగ్గర గుంట కూడా దానితోపాటే సర్దుకుపోతాయి. మా దగ్గర ఒకతను ఉన్నాడు, అందరి మొహాలూ ఇలా సాపు చేసి చేసి వాడి పేరు ఇస్త్రీ అయిపోయింది. "మీ అక్కయ్యది కష్టమైన మూతండీ" అన్నాడు. అది మెచ్చుకోలు. మా భాషలో.

ఇక్కడ ఎవరూ సౌండ్ పెట్టుకుని పనిచెయ్యరు. గదిలో అందరం తలో మొహం పెట్టుకుని కూర్చుంటాం. అన్ని మొహాలూ ఒకేసారి మాట్లాడితే సంతే. పైగా మాట వినపడితే ధ్యాస మాట మీదికి పోతుంది, మొహం మీద మచ్చ తప్పించుకుంటుంది. అందుకని చెవుల్లో పాటలు, తెరమీద మూగ మనుషులు. పని పూర్తయ్యాక మాత్రం ఒక్కసారి సౌండ్ పెట్టి మొదటినుంచి చివరిదాకా చూసి పంపుతాం.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. నీ నోరు చూసి చూసి నాకు నీ మాట తెలిసిపోతోంది! నిన్న పాఠం మధ్యలో నువ్వు కెమెరా ఆయన వైపు తిరిగి "ఫ్యాన్ ఆపండి బాబూ, పమిట ఎగురుతోంది" అన్నావు. సౌండ్ లేదు. అయినా నాకు ఒక్కదానికే పకపకా నవ్వొచ్చింది. ఇస్త్రీ తన తెర మీద ఏదో తప్పు జరిగిందనుకుని హడలిపోయాడు. నీ తరగతిలో చేరకుండానే సగం పాసయ్యాను. కండక్టర్ గారికి చెప్పు.

తూనీగ

*

ఇల్లు, పిల్లలు లేని మధ్యాహ్నం

తూనీగా,

చూశాను. చూశాను, మళ్ళీ చూశాను.

మొదట ఎవరో అనుకున్నాను. తర్వాత, అరే, ఈవిడ నాకు తెలుసే అనుకున్నాను. మూడేళ్ళయింది ఈవిడని చూసి. మీ బావ వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, పాఠం అయ్యేదాకా తీయలేదు. ఆయనకి పెదవుల పాఠంలో ఏం ఆసక్తి?

అమ్మ అయితే టీవీ ముందు నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. "దాని చేతిలో ఏదో ఉందే" అంది. దాని అంటే నీ. కిందటి నెల కుళ్ళు ఉన్న చేతే ఇది. ఇప్పుడు పిన్నికి ఫోన్ చేసి నిన్ను పొగుడుతోంది, పిన్ని తన కళ్ళ కింద నలుపు ఇంకా కనిపిస్తోందని అలుగుతోంది. ఈ ఇంట్లో తీర్పులు అమలు కావడానికి ఎంతసేపూ పట్టదు, తారుమారు కావడానికీ పట్టదు.

డైరెక్టర్ గారికి పట్టరాని సంతోషం. "ఇంక యాంకర్ ఎందుకు మేడం" అన్నారు. పాఠాలన్నీ చేతికి రాగానే అన్ని కేంద్రాలకీ ఒకేసారి పంపుతారట. మిగతావి కూడా ఇలాగే చేసిపెట్టు. ఫోన్లో వేసుకుని బస్సులో కూడా చూసుకుంటున్నాను. పక్కనున్నావిడ, "మీరేనా?" అంది. నేనే అన్నాను. ఆవిడ నా మొహం కేసి చూసింది, ఫోన్ కేసి చూసింది. అయినా ఫోన్ లోపల పెట్టలేదు నేను.

తరగతిలో వేశాం. బాగానే ఉంది. సరే, పని ఉంది, ఉంటాను.

అక్క

*

స్టూడియో, అందరూ భోజనానికి వెళ్ళాక

అక్కా,

కండక్టర్ గారు ఏమన్నారు?

తరగతిలో వేశాం, బాగానే ఉంది, అని రాసి ఊరుకున్నావు. వాళ్ళలో ఎవరో తుమ్మితే కూడా నాకు ఒక పేజీ రాసేదానివి. ఆ తర్వాత ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి. డైరెక్టర్ గారు ఉన్నారు, అమ్మ ఉంది, చీరల సంగతి ఉంది. తరగతి లేదు. ఆయన ఏమీ అనకుండా ఊరుకునే మనిషి కాదు.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. ఈ పొద్దున, పూర్తిచేసిన పాఠానికి సౌండ్ పెట్టి చివరి చూపు చూడాల్సింది. గదిలో మా బాసు ఎవరితోనో ఫోన్లో, చెవుల్లో పెట్టుకున్నది కూడా వినపడనంత గట్టిగా గొడవపడుతున్నాడు. సరే, ముందు రంగులు చూసుకుందామని సౌండ్ లేకుండానే నడిపించాను. నువ్వు మాట్లాడుతున్నావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాకే ఏదో అయిందనుకున్నాను. అదే పాఠం అసలు కాపీ తీశాను, ముట్టుకోనిది. సౌండ్ లేదు. నీ మాటలు ఒక్కొక్కటీ దొరికాయి. మళ్ళీ సరిచేసింది వేశాను. చక్కటి ఆవిడ, చక్కటి నోరు, ఏమీ చెప్పట్లేదు.

ఆగి ఆగి, ఒక్కో బొమ్మా చూశాను. 'ప' అన్నా 'మ' అన్నా పెదవులు మూతపడాలి కదా. ఆ మూత కనురెప్ప వేసినంతసేపే ఉంటుంది. వణుకు పోవడానికి నేను ముందూ వెనకా కలిపి మెత్తబరిచాను చూడు, అక్కడ ఆ మూత కరిగిపోయింది. పెదవులు దగ్గరికొస్తాయి, తాకవు, విడిపోతాయి. చెంపలో గాలి నిండటం పోయింది, గడ్డం దిగటం పోయింది. అవి ముడతలతోపాటు వెళ్ళిపోయాయి. నేనే తీసేశాను. సౌండ్ పెట్టి చూసినప్పుడు చెవి ఆ ఖాళీలన్నీ నింపేస్తుంది కాబట్టి నాకూ తెలియలేదు, బాసుకీ తెలియలేదు. ఈ పాఠాలు చూడబోయేవాళ్ళకి నింపడానికి చెవులు లేవు.

ఇది నా పనిలో తప్పు. దీన్ని దిద్దడానికి చూస్తాను. కానీ నాకు ఒక్క జవాబు కావాలి. నువ్వూ సౌండ్ తోనే చూశావు కదా? నీకు తెలియదు కదా?

తూనీగ

*

ఇల్లు

తెలుసు.

మొదటి పాఠం వేసిన రోజే తెలుసు. కండక్టర్ గారు లేచి నిలబడి, "అమ్మా, ఈవిడెవరో గానీ బబుల్ గమ్ నములుతోంది. మా మేడంని పిలవండి" అన్నారు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెర చిన్నదవడం వల్ల అని చెప్పాను. పెద్ద తెర తెప్పించాను. ఆయన ముందు వరసలోకి వచ్చి కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని చూసి, ఇంకేమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు.

డైరెక్టర్ గారు అడిగితే అలవాటు పడతారని చెప్పాను.

ఇప్పుడు నన్ను ఏమంటావో అను. కానీ ముందు ఇది విను. మూడేళ్ళుగా కొత్తవాళ్ళెవరైనా ముందు నా మూతిని పలకరించి తర్వాత నన్ను పలకరిస్తున్నారు. కూరగాయల దగ్గర, బ్యాంకులో, పిల్లల స్కూల్లో. "అయ్యో, ఎలా జరిగిందండీ?" ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాను! నా పెళ్ళి ఫోటోలు గోడ మీంచి నేనే తీసి బీరువాలో పెట్టాను, వచ్చినవాళ్ళు ఆ మొహానికీ ఈ మొహానికీ మధ్య చూపు తిప్పుతుంటే చూడలేక. ఎక్కడో ఒక్క చోట, ఆ నాలుగు పాఠాల్లో నేను నేనుగా ఉన్నాను. నాకు ఆ ఒక్క చోటు కూడా లేదా? నీ మూతి తిన్నగా ఉంది కాబట్టి న్యాయం మాట్లాడటం నీకు తేలిక.

ఇప్పటికి పంపినవి ఉండనీ. మిగిలినవి కూడా అలాగే చేసి పంపెయ్యి. లేకపోతే ఆ యాంకర్ పిల్ల వచ్చి నా పాఠాలు నా కళ్ళముందు చదువుతుంది. నువ్వు ఈ పని చెయ్యకపోతే అమ్మ అన్నది నిజమేనేమో అని నేనూ అనుకోవలసి వస్తుంది. ఇంతవరకూ ఆ మాట నేను అనుకోలేదు. నన్ను అనుకోనివ్వకు.

*

స్టూడియో
ఎండ కాసిన రోజు

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక వెంటనే జవాబు రాయలేదు. రాసేకంటే ముందు చేసి చూడాల్సింది ఉంది.

చేసి చూశాను. మెత్తబరచడం తగ్గించాను, అతుకు జెల్లీలా వణికింది. చుక్కలు ఎక్కువ పెట్టాను. మూతి తిన్నగా నిలబడింది, పెదవులు మళ్ళీ తాకలేదు. ఇస్త్రీ తన పని పక్కనపెట్టి నాతోపాటు కూర్చున్నాడు. బాసు కూడా ఒక పూట కూర్చున్నాడు, విసుక్కుంటూనే. నీ మూతి తిన్నగా ఉంటే నీ మాట పోతోంది. మాట ఉంటే మూతి జారుతోంది. రెండూ ఒకచోట నిలబెట్టడం మా ముగ్గురికీ చేతకాలేదు. ఇంకెక్కడైనా ఎవరికైనా చేతనవుతుందేమో. నాకు తెలిసినంతలో లేదు.

ఇంకొకటి కూడా చూశాను. మా దగ్గరికి వచ్చే యాంకర్ల వీడియోలు సౌండ్ లేకుండా వేసి చూశాను, మెరుగు పెట్టనివే. సగం కూడా పట్టుకోలేకపోయాను. నీది పట్టుకోగలను. చెల్లెలిని కాబట్టి అనుకున్నాను. ఇస్త్రీకి చూపించాను, వాడికి నువ్వేమీ కావు. వాడూ నీదే ఎక్కువ పట్టుకున్నాడు. నరం దెబ్బతిన్నాక నెలల తరబడి అద్దం ముందు కూర్చుని పెదవులు మూయడం మళ్ళీ నేర్చుకున్నావు కదా. మేమందరం పెదవులు ఊరికే మూసేస్తాం. నువ్వు మూస్తావు. అది తెర మీద కనిపిస్తోంది. నిన్ను ఓదార్చడానికి రాయట్లేదు. పనిలో కనిపించింది రాస్తున్నాను.

తర్వాత డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. నీకు ముందు చెప్పలేదు, చెప్తే ఆపేదానివి. రెండు కాపీలూ ఆయన బల్ల మీద పెట్టి, సౌండ్ ఆపేసి, "మేడం ఏమంటున్నారో చెప్పండి సార్" అన్నాను. సరిచేసిన దాన్ని చూసి, "చాలా బాగున్నారమ్మా" అన్నారు. బాగున్నారు, ఏమంటున్నారు? అని మళ్ళీ అడిగాను. కాసేపు తెరకేసి చూసి నీళ్ళు తాగారు. అసలు కాపీ వేశాను. ఆయనకి ఈ విద్య రాదు, అయినా రెండు మూడు మాటలు పట్టుకున్నారు. పట్టుకున్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

అంతమాత్రాన ఆయన మారిపోయారని అనుకోకు. "చూడముచ్చటగా ఉండటం కూడా ముఖ్యమే కదమ్మా, పై వాళ్ళు చూస్తారు" అన్నారు. ఆలోచించుకుంటారట. ఆ యాంకర్ పిల్లని పిలిస్తే పిలవచ్చు. అప్పుడు నీ చోటు నావల్లే పోయిందని అంటావు. అను.

నీకు ముందే తెలుసని ఆయనకి చెప్పలేదు. పాఠం చెడింది నా చేతిలో అని చెప్పాను. అది నిజమే. బాసు నామీద మండిపడుతున్నాడు, పూర్తిచేసిన పనిని ఎవరైనా వెళ్ళి పాడైందని చెప్పుకుంటారా అని. మిగిలిన పాఠాల పని నా చేతిలోనే ఉంచాడు గానీ, నాతో మాట్లాడటం మానేశాడు.

నీ పాత మొహం నీకు కావాలనిపించడం తప్పని నేను అనను. ఆ కాపీలు నీ ఫోన్లో ఉన్నాయి, ఉంచుకో. బస్సులో చూసుకో, బావకి చూపించు, గోడకి తగిలించు. అవి నీవి. కానీ కొండల అవతల ఎవరో ఒకావిడ ఇంట్లో ఎవరి మాటా తెలియక గోడకేసి చూస్తూ కూర్చుని ఉంటుంది. ఆవిడకి మాస్టారు లేరు, ముందు వరస లేదు. అర్థం కాకపోతే లేచి బబుల్ గమ్ అని నవ్వించే తరగతి కూడా లేదు. తనకే బుర్ర లేదనుకుని తెర ఆపేస్తుంది. ఆవిడకి మాత్రం ఆ పాఠాలు పంపను.

నీ మొహం అసలు ఎక్కడా కనపడకూడదనుకుంటే అది నీ ఇష్టం. నీ వీడియో చూపించుకోవచ్చన్న ఒప్పుకోలు కాగితం మీద సంతకం చెయ్యనని డైరెక్టర్ గారికి చెప్పు, ఆయన ఆపేస్తారు, నేను అడ్డం రాను. అందులో నాకు మాట లేదు. నా చేతి పనిలో మాత్రం నాది మాట.

కుళ్ళు అనుకుంటే అనుకో. అమ్మా నువ్వూ కలిసి అనుకోండి. నేను ఇంక దానికి జవాబు రాయను.

సరిచేసిన పాఠాలన్నీ మీ కేంద్రం నుంచి ఇవాళ వెనక్కి తీసుకున్నాను. వాటి బదులు నువ్వు మాట్లాడినవి మాట్లాడినట్టు, వెలుతురు మాత్రం సరిచేసి పంపాను. మిగిలినవీ అలాగే పంపుతాను. నీ మూతి ముట్టుకోను.

తూనీగ